ఎవరి తాలూకు?

ఆ రోజు పొద్దున్న ఫ్యాన్లాయన పెట్టుకున్న పని ఒక్కటే. కుట్టుబడి దుకాణం వాళ్ళ ఫ్యానుకి కొత్త బేరింగులు వేసి, ఎండ ముదరకముందే బిగించి రావాలి. ఇంటి ముందు వరండాయే ఆయన పనిచేసే చోటు. పీట మీద కూర్చుని, మోటారు విప్పి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో లోపలి జిడ్డంతా తుడుస్తున్నాడు.

లోపల మేనకోడలు తయారవుతోంది. ఆయన చెల్లెలి కూతురు. రక్తపరీక్షల చదువు కోసం వచ్చి మామయ్య ఇంట్లోనే ఉంటోంది. పదకొండింటికి పెద్దాసుపత్రి ల్యాబులో ఒకే ఒక్క ఉద్యోగానికి పరీక్ష ఉంది. ఇంతకుముందు రెండు చోట్ల పని బాగా చేసింది ఈ పిల్లే అని అందరూ అన్నారు. రెండు చోట్లా ఎవరి తాలూకో మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇది కూడా పోతే తండ్రి వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆయనకి టైర్ల కొట్టు ఉంది, గల్లాపెట్టె దగ్గర నమ్మకమైన మనిషి కావాలట. కళ్ళు మూసుకుని వేలికొసతో నరం పట్టుకోగల పిల్ల, జీవితమంతా టైర్ల వాసన పీలుస్తూ కూర్చోవాలన్నమాట.

“వెళ్ళొస్తా మామయ్యా.”

“నిశ్చింతగా వెళ్ళు. మిగతాది నేను చూసుకుంటా.”

ఆ పిల్ల గడప దాటబోయి ఆగింది. “మిగతాది అంటే ఏంటి?”

“ఏం లేదులే.”

“మామయ్యా, నువ్వేం చూసుకోవద్దు. నీ చేతిలో ఉన్న ఫ్యాను చూసుకో, చాలు.”

“అలాగేలే. బస్సు పోతుంది, నడు.”

ఫ్యాన్లాయనకి లోకం గురించి ఒక నమ్మకం ఉంది. ఊళ్ళో ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా మధ్యలో నలుగురు చాలంటాడు. ఒకరి చేయి ఒకరు పట్టుకుంటూ పోతే, నలుగురు దాటేసరికి మనకి కావలసిన మనిషి భుజం చేతికి తగులుతుందంటాడు. అందుకే తెలిసినవాళ్ళ ద్వారా తప్ప ఆయన ఏ పనికీ వెళ్ళడు. ఖాళీగా ఈగలు తోలుకుంటున్న సెలూన్‌కి వెళ్ళినా, ఫలానా వాళ్ళు పంపారని చెప్పి గానీ కుర్చీలో కూర్చోడు.

“నలుగురు కావలసింది పోయాక మోయడానికి,” అంటుంది ఆయన భార్య. “బతికున్నన్నాళ్ళూ కాళ్ళున్నాయిగా, మీరే నడవండి.”

మేనకోడలు వీధి మలుపు తిరిగింది. ఫ్యాన్లాయన చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, మోటారుని అలాగే విప్పి వదిలేసి, ఇస్త్రీ ఆవిడ దగ్గరికి నడిచాడు.

ఇస్త్రీ ఆవిడ బండి వీధి చివర మెట్ల కింద ఉంటుంది. ఆమె ఇంట్లో ఫ్యాను ఆగిపోయినప్పుడల్లా బాగుచేసేది ఈయనే కాబట్టి అన్నయ్యా అని పిలుస్తుంది.

“చెల్లెమ్మా, మా మేనకోడలికి ఇవాళ పెద్దాసుపత్రి ల్యాబులో పరీక్ష. అక్కడి పెద్దావిడ చెవిలో ఒక మాట పడాలి. నీకెవరైనా తెలుసా?”

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి ఆలోచించింది. “నాకు ఆసుపత్రివాళ్ళు ఎవరు తెలుస్తారన్నయ్యా. కానీ లెక్కల మాస్టారి బట్టలు నా దగ్గరకే వస్తాయి. ఊళ్ళో సగం మందికి ఆయనే పాఠం చెప్పాడు, మిగతా సగం మందితో పొద్దున్నే నడుస్తాడు. ఇప్పుడే ఆయన చొక్కాలు ఇచ్చి వస్తా.”

“ఎవరి పిల్లని చెప్తావు?”

“నా పిల్లనే చెప్తా. పరాయిదని చెబితే మాటకి బరువేముంటుంది?”

ఫ్యాన్లాయనకి ఆ జవాబు ఎంతో నచ్చింది. ఇంటికొచ్చి, మోటారు ముందు కూర్చుని, ఈల వేసుకుంటూ పని మొదలుపెట్టాడు. ఆ ఈల విన్న భార్య టీ గ్లాసుతో బయటికి వచ్చింది. ఏదైనా చేయకూడని పని చేసినప్పుడే ఆయన ఈల వేస్తాడని ఆమెకి తెలుసు.

“ఏం చేసొచ్చారు?”

ఆయన చెప్పాడు. ఆమె టీ గ్లాసు ఆయనకి ఇవ్వలేదు. అరుగు మీద పెట్టేసింది.

“రాత్రి అన్నం దగ్గర అది ఏం చెప్పిందో విన్నారా మీరు? ఆ ల్యాబు పెద్దావిడకి సిఫారసు అంటే ఒళ్ళు మంటట. ఎవరి గురించైనా ఒక్క మాట వచ్చిందా, ఆ పిల్లని గుమ్మంలోంచే పంపేస్తానని తలుపు మీద రాసి పెట్టిందట. అందుకే కదా, ఈసారైనా నా పని చూసి తీసుకుంటారని అది అంత సంబరపడింది!”

“నాకు చెప్పలేదే!”

“మీకే చెప్పింది. మీరు ఆ టేబుల్ ఫ్యాను గిర్రున తిప్పుతూ, ఆహా ఆహా అంటున్నారు. మేమేమో మాకే ఆహా అంటున్నారనుకున్నాం.”

ఫ్యాన్లాయన ఈల ఆగిపోయింది. స్కూటరు తీశాడు.

ఇస్త్రీ ఆవిడ అప్పుడే తిరిగి వచ్చి బొగ్గులు విసురుతోంది. “చెప్పేశానన్నయ్యా! మాస్టారు నా ముందే ఫోన్ తీశాడు.”

“అయ్యో! వద్దు చెల్లెమ్మా. ఆ మాట ఇక ముందుకి పోకూడదు. ఆపాలి.”

ఆమె మొహం చిన్నబోయింది. “అంటే నా మాట మీద నమ్మకం లేదా నీకు?”

“అది కాదు...”

“ఇంకా పెద్దవాళ్ళు ఎవరైనా దొరికారా? చెప్పు. ఇస్త్రీ చేసుకునేదాని మాట అక్కడిదాకా ఏం పోతుందిలే అనుకున్నావు, అంతేగా?” అంటూనే ఆమె చూపు దండెం మీద వేలాడుతున్న ఒక ప్యాంటు మీద పడింది. కళ్ళు వెలిగాయి. “ఉండు ఉండు! ఇది ఎవరిదనుకున్నావు? ఆ ఆసుపత్రి మందుల కొట్లో ఉండే అతనిది. ఇందాక తట్టనే లేదు, చూడు!”

ఫ్యాన్లాయన స్కూటరుకి స్టాండు వేసేలోపే ఆమె ఫోన్ కలిపేసింది. “బాబూ, మీ ల్యాబు పెద్దావిడకి ఒక్క మాట చెప్పాలి. మా పిల్ల ఒకతి వస్తోంది. పాపం, తల్లీ తండ్రీ లేని పిల్ల...”

“చెల్లెమ్మా! వాళ్ళిద్దరూ బంగారంలా ఉన్నారు!”

ఆమె ఫోన్ పెట్టేసి నవ్వింది. “ఉంటే ఉండనీ. ఉన్నారని చెబితే ఎవరు జాలిపడతారు?”

లెక్కల మాస్టారు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, ఇస్త్రీ మడత చెదరని చొక్కాలో పేపరు చదువుతున్నాడు. ఫ్యాన్లాయన గేటు దగ్గరే మొత్తుకున్నాడు. “మాస్టారూ, ఇందాక ఇస్త్రీ ఆవిడ చెప్పిన పిల్ల... ఆ మాట మీరు ఎవరితోనూ అనలేదు కదా?”

“అనకుండా ఉంటానా? నాతో నడిచే బ్యాంకాయన ఉన్నాడు. ఆ ల్యాబు పెద్దావిడ ఇంట్లో మేడ మీద వాటాలో అద్దెకుంటాడు. ఆయనతో అప్పుడే చెప్పాను. నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల, నిప్పులాంటి బుర్ర అన్నాను.”

“ఆ పిల్లని మీరు చూడనేలేదు కదండీ!”

“చూడకపోతేనేం? ఈ ఊళ్ళో లెక్కలొచ్చిన పిల్ల నా దగ్గర కాక ఇంకెక్కడ నేర్చుకుంటుంది?”

ఫ్యాన్లాయన తలుపు మీద రాసిన సంగతంతా చెప్పాడు. సిఫారసు వచ్చిందని తెలిస్తే ఆ పిల్లకి ఉద్యోగం పోతుందన్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. ఆయన నిజాయితీ మనిషి. తన వల్ల ఒక పిల్లకి అన్యాయం జరుగుతుందంటే కూర్చోలేడు.

“భయపడకయ్యా. నా పాత శిష్యుడొకడు ఆ ఆసుపత్రి ఆఫీసులోనే ఉన్నాడు. వాడిచేత ఇప్పుడే గట్టిగా చెప్పిస్తాను.”

“ఏమని?”

“ఆ పిల్లకి ఎవరి సిఫారసూ లేదని! చాలా నిజాయితీపరురాలైన పిల్ల ఒకతి వస్తోంది, ఎవరి అండా లేదు, ఎవరి మాటా తేదు, అలాంటి పిల్లని వదులుకోవద్దని చెప్పిస్తాను.”

“మాస్టారూ, అది కూడా సిఫారసే కదండీ!”

కానీ మాస్టారు అప్పటికే ఫోన్‌లో శిష్యుణ్ణి పేరుపెట్టి తిడుతూ కుశలం అడుగుతున్నాడు. ఆయన ఒకసారి బల్ల గుద్ది పాఠం మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపడని పాత విద్యార్థులందరికీ తెలుసు. ఫ్యాన్లాయన ఆ బళ్ళో చదవలేదు కాబట్టి కాసేపు చేతులు ఊపి చూసి, బ్యాంకాయన ఇంటికి బయల్దేరాడు.

బ్యాంకాయన ఇల్లంటే ల్యాబు పెద్దావిడ ఇల్లే. కింద వాటా వరండాలో ఒక ముసలావిడ కూర్చుని, చేతి రుమాలుతో విసురుకుంటూ వచ్చేపోయేవాళ్ళని చూస్తోంది. ఆవిడ పెద్దావిడకి అత్తగారు. మేడ మీదినుంచి బ్యాంకాయన దిగి వచ్చి, “మా ఇంటి పిల్ల లాంటిదండీ” అని చెప్పడం, అత్తగారు కోడలికి ఫోన్ చేయడం రెండూ అయిపోయాయి. ఆ సంగతి ఫ్యాన్లాయనకి ఆవిడ నోటనే తెలిసింది. తన నమ్మకం నిజమైనందుకు ఒక్క క్షణం ఆయన ఛాతీ పొంగింది కూడా. మధ్యలో సరిగ్గా నలుగురు. తర్వాత సంగతి గుర్తొచ్చి పొంగినదంతా దిగిపోయింది.

“అమ్మా, మీకు దండం పెడతాను. ఇందాక ఆ పిల్ల గురించి చెప్పిన మాట పట్టించుకోవద్దని మీ కోడలుగారికి చెప్పండి.”

ముసలావిడ విసురుకోవడం ఆపింది. “నువ్వెవరు నాయనా?”

మామయ్యనని చెబితే పిల్ల పట్టుబడిపోతుంది. “నేనా? నేనెవర్నీ కాదమ్మా.”

“ఎవరూ కానివాడివి ఎండలో పడి ఇంతదూరం ఎందుకొచ్చావు?” ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. చెమట, జిడ్డు చేతులు. ఆవిడకి సంగతి అర్థమైంది. అంటే, అర్థమైందనుకుంది. “ఓహో! నీ కూతురు కూడా ఆ పరీక్షకే వెళ్ళిందా? అందుకని పక్కపిల్ల నోటి దగ్గర కూడు లాగేద్దామని వచ్చావా? వయసొచ్చినవాడివి, సిగ్గు లేదూ!”

“నాకు కూతురే లేదమ్మా!”

“సొంత కూతుర్నే లేదంటావా! ఇదెక్కడి తండ్రి!”

ఫ్యాన్లాయన కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఒక్క మాట కూడా తిన్నగా వెళ్ళడం లేదు. ఇక ఆసుపత్రికే పోయి, ఆ పెద్దావిడ కాళ్ళమీద పడి, తప్పు నాదని చెప్పుకోవడమే మార్గం అనుకుని స్కూటరెక్కాడు. ఆయన వెనక్కి తిరిగిన తీరు చూసి ముసలావిడ మనసు కరిగింది. ఆవిడ కోపం చాలా పలచన, ఎప్పుడూ అడుగంటదు. మళ్ళీ ఫోన్ తీసి కోడలికి చెప్పింది. “ఇంకో పిల్ల కూడా ఉందటే. పాపం, వాళ్ళ నాన్న గుమ్మందాకా వచ్చి ఏడ్చినంత పని చేశాడు. ఆ పిల్లనీ కాస్త చూడు.”

ల్యాబులో పెద్దావిడకి ఆ పొద్దున్న నాలుగు సిఫారసులు అందాయి. మొదటిది అత్తగారి దగ్గర్నుంచి, మేడ మీది అద్దెకుండేవాళ్ళ ఇంటి పిల్లట, లెక్కల్లో నిప్పట. రెండోది మందుల కొట్టతను స్వయంగా వచ్చి చెప్పాడు, తల్లీ తండ్రీ లేని పిల్లట. మూడోది ఆఫీసులోంచి, సిఫారసే లేని నిజాయితీపరురాలట. నాలుగోది మళ్ళీ అత్తగారే, ఏడ్చే తండ్రి గారి కూతురట. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే ప్రతివాళ్ళూ, “మన పిల్లేనండీ, పేరెందుకు?” అన్నారు. నిజానికి వాళ్ళకీ తెలియదు, వాళ్ళకి చెప్పినవాళ్ళకీ తెలియదు.

పెద్దావిడ బయటికి వచ్చి బల్ల మీద చూసింది. పరీక్షకి వచ్చింది సరిగ్గా నలుగురు అమ్మాయిలు.

ఆవిడ చాలాసేపు తలుపు మీది రాతని చూసింది, తర్వాత అమ్మాయిల్ని చూసింది. “అమ్మాయిలూ, సిఫారసు వస్తే పంపేస్తానని రాసి పెట్టాను. మీ నలుగురికీ వచ్చింది. నలుగుర్నీ పంపేస్తే రేపట్నుంచి సూది పట్టుకునే మనిషి ఉండదు నాకు.”

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తమ ఇంట్లో ఈ పని ఎవరు చేసి ఉంటారా అని ప్రతి పిల్లా లోలోపల చుట్టాలందర్నీ వరసగా తలుచుకుంది. అందరికీ ఎవరో ఒకరు తగిలారు. బల్ల చివర కూర్చున్న మేనకోడలికి అంత దూరం వెతకాల్సిన పని లేకపోయింది.

“కాబట్టి మాటలు పక్కన పెట్టి చేతిపని చూస్తాను,” అంది పెద్దావిడ. “ఒకే మనిషి చేయి. తలా ఒక్క పోటు. కానీ మా ల్యాబువాళ్ళ చేయి పెడితే, రేపు వాడు ఫలానా వాళ్ళ తాలూకు అంటారు. ఇక్కడ ఎవరికీ తెలియని మనిషి చేయి కావాలి నాకు.”

సరిగ్గా అప్పుడే నడవాలోంచి ఫ్యాన్లాయన తల లోపలికి పెట్టాడు.

తప్పు ఒప్పుకుందామనే వచ్చాడాయన. ఆ మాట నోట్లో తయారుగా ఉంది కూడా. కానీ గదిలో మేనకోడలు ఇంకా కూర్చునే ఉంది. అంటే ఇంకా పంపేయలేదు. నోరు విప్పితే ఇప్పుడు పంపేస్తారు. నోట్లో ఉన్నది మింగేశాడు.

“ఎవరండీ మీరు?” అంది పెద్దావిడ. “ఎవరి తాలూకు?”

జీవితంలో ఎన్నోసార్లు విన్న ప్రశ్న. ప్రతిసారీ ఆయన దగ్గర గర్వంగా చెప్పుకోవడానికి ఒక జవాబు ఉండేది.

“ఎవరి తాలూకూ కాదమ్మా,” అన్నాడు ఫ్యాన్లాయన. “నాకిక్కడ ఎవరూ తెలియదు.”

“ఈ అమ్మాయిల్లో ఎవరైనా?”

ఆయన నలుగుర్నీ చూశాడు. చివరి అమ్మాయి మీద మాత్రం చూపు నిలపలేదు. “ఎప్పుడూ చూడలేదు.”

పెద్దావిడ మొహం విప్పారింది. “ఇంతసేపటికి దొరికారండీ ఒక మనిషి! ఒక్క సాయం చేస్తారా? చేయి ఇవ్వాలి. కాస్త రక్తం, అంతే.”

సూది అంటే ఫ్యాన్లాయనకి ఎంత భయమంటే, చొక్కా గుండీ కుట్టించుకోవాలన్నా విప్పి ఇచ్చి అవతలికి పోతాడు. కాదంటే ఎందుకొచ్చావని అడుగుతారు. కుర్చీలో కూర్చుని చేయి చాపాడు. ఆ చేయి తనది కాదన్నట్టు గోడ వైపు తిరిగాడు.

భయానికి నరాలన్నీ లోపలికి పోయి దాక్కున్నాయి. మొదటి అమ్మాయి వెతికి వెతికి పొడిచింది, ఏమీ రాలేదు. రెండో అమ్మాయికి దొరికినట్టే దొరికి జారిపోయింది. మూడో అమ్మాయి ఆయన మొహం చూసి తనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొడిచిన ప్రతిసారీ ఆయన పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. నోరు తెరిస్తే మేనకోడల్ని ముద్దుపేరుతో పిలిచేస్తానేమోనని ఆయన భయం.

నాలుగో అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ మొహంలో ఏమీ లేదు, నిప్పు తీసేసిన ఇస్త్రీపెట్టెలా ఉంది.

“నమస్కారమండీ. పొద్దున్నుంచి ఏమైనా తాగారా?”

“లేదు... లేదండీ.”

“అందుకే నరం అందడం లేదు. ఈ నీళ్ళు తాగండి. చేయి కిందికి వేలాడేయండి కాసేపు.” ఆమె తొందరపడలేదు. చేతికి కట్టే రబ్బరు పట్టీ కూడా ఇంకా బయటికి తీయలేదు. “ఏం పని చేస్తారండీ?”

“ఫ్యాన్లు బాగుచేస్తాను.”

“అలాగా! మా ఇంట్లో ఒక ఫ్యాను ఉందండీ. మీట వేసినా చేత్తో తోస్తే గానీ కదలదు. తిరిగినా ఈడ్చుకుంటూ తిరుగుతుంది.”

గోడ వైపున్న తల కొంచెం ఇటు తిరిగింది. “కండెన్సర్ పోయి ఉంటుంది. చిన్న పని. ఎవరికీ చూపించలేదా?”

“మా మామయ్యకి చూపించామండీ. ఆయన చేసేదీ ఇదే పని.”

“ఏమన్నాడు?”

“చూద్దాంలే, చూద్దాంలే అంటాడు. అసలు చూడమన్న పని చూడడండీ ఆయన. చూడొద్దన్నది మాత్రం పరిగెత్తుకెళ్ళి చూస్తాడు.” పట్టీ ఎప్పుడు కట్టిందో తెలియలేదు. వేలికొస మోచేతి మడతలో నెమ్మదిగా తిరుగుతోంది.

ఫ్యాన్లాయన తల మళ్ళీ గోడ వైపు తిప్పుకున్నాడు. “మీ మామయ్య... పిల్లకి మంచి జరగాలనే ఏదో చేసి ఉంటాడు.”

“నాకు పని రాదని అనుకున్నాడేమో.”

“ఛ! అలా ఎందుకనుకుంటాడు? వచ్చని తెలుసు. పని వచ్చినా రెండు చోట్ల ఉద్యోగం రాకుండా పోయిందని వాడి కడుపు రగిలి ఉంటుంది. అయినా ఒట్టి తెలివితక్కువ మనిషి. నీ అంత పిల్ల ఇంట్లో ఉంటే ఒకరి గడప ఎందుకు తొక్కాలి? వాడికి నాలుగు తగిలించాలి! ఆ ఫ్యానుకి కూడా కొత్త కండెన్సర్ వేయడానికి ఎంతసేపు పడుతుందని...”

“అయిపోయిందండీ. దూది గట్టిగా పట్టుకోండి.”

ఆయన కిందికి చూశాడు. చిన్న గొట్టం నిండా ముదురు ఎరుపు. ఎప్పుడు తీసిందో తెలియనే లేదు. పెద్దావిడ ఆ గొట్టాన్ని వెలుగులోకి పట్టి చూసింది, ఆ తర్వాత ఆ అమ్మాయి చేతుల్ని చూసింది. “రేపు పొద్దున్నే రా,” అంది.

ఫ్యాన్లాయన కుర్చీలోంచి లేచి, ఉద్యోగం వచ్చినందుకు మేనకోడల్ని ఒక్కమాటైనా అభినందించకుండా, పరాయివాడిలాగే బయటికి నడిచాడు.

సాయంత్రానికల్లా ఆ ఉద్యోగం ఇప్పించినవాళ్ళు నలుగురయ్యారు. ఇస్త్రీ ఆవిడ మిఠాయి అడిగింది. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్ల మాట ఊరికే పోతుందా అంది. మాస్టారు, చూశావా, సిఫారసు లేకపోవడమే పనిచేసింది అన్నాడు. ఇంట్లో మాత్రం మేనకోడలు మూడు రోజులు మామయ్యతో ‘అండీ’ అంటూనే మాట్లాడింది. ఆయన దానికంటే సూది పోట్లే నయమనుకున్నాడు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్న వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి ల్యాబు పెద్దావిడ దిగింది. రెండు చేతుల్తో ఒక సీలింగు ఫ్యాను మోటారు పట్టుకుని ఉంది.

వరండాలో ఫ్యాన్లాయన భార్య ఉంది. “ఎవరు కావాలండీ?”

“ఫ్యాన్లు బాగుచేసే ఆయన ఇల్లిదేనా? మా అత్తగారి గదిలో ఫ్యాను ఆగి వారమైంది. ఆవిడ విసురుకోలేక నన్ను విసుక్కుంటోంది. మేడ మీది బ్యాంకాయన్ని అడిగితే ఆయన ఎవరో మాస్టారిని అడిగాడు, ఆ మాస్టారు ఇస్త్రీ చేసే ఆవిడని అడిగాడట. ఆవిడ ఈ ఇల్లు చెప్పింది.”

ఆ గొంతు విని ఫ్యాన్లాయన లోపల్నుంచి వచ్చాడు. వచ్చాక ఎవరో చూసి, మళ్ళీ లోపలికి పోవడానికి ఆలస్యమైపోయిందని గ్రహించాడు.

“మీరా!” అంది పెద్దావిడ. “ఆ రోజు చేయి ఇచ్చినవారు కదూ? ఇక్కడ ఎవరూ తెలియదన్నారు...”

“మామయ్యా, టీ చల్లారిపోతోంది,” అంటూ మేనకోడలు గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వచ్చి అలాగే నిలబడిపోయింది.

పెద్దావిడ ఆ పిల్లని చూసింది. ఆయన్ని చూసింది. ఆ పిల్ల చేతిలో గ్లాసుని చూసింది. ఉద్యోగంలో చేరి ఇంకా మొదటి జీతం కూడా రాలేదు. టైర్ల వాసన ఎక్కడినుంచో వచ్చినట్టయింది ఆ పిల్లకి.

“మేడమ్...” అంది మెల్లిగా.

“దాని తప్పేం లేదమ్మా,” అన్నాడు ఫ్యాన్లాయన. “వద్దన్నా చేసింది నేను. దానికి తెలియదు. ఆ రోజు చెప్దామనే వచ్చాను, నోరు రాలేదు.”

చేతుల్లో మోటారు బరువుగా ఉన్నట్టుంది, పెద్దావిడ ఎక్కడ దింపాలా అని చుట్టూ చూసింది. గోడ వారగా ఇంకా బాగుచేయని ఫ్యాన్లు వరుసగా పెట్టి ఉన్నాయి.

“ఇవన్నీ నాకంటే ముందా?”

“అవునండీ,” అంది ఫ్యాన్లాయన భార్య. “వచ్చిన వరుసలోనే చేస్తారు. మీది పై వారానికి అవుతుంది.”

“పై వారమా! అప్పటిదాకా నేను ఆ ఇంట్లో బతకలేనండీ.” పెద్దావిడ గొంతు తగ్గించింది. “ఇందాక చెప్పాను కదా, ఆ మాస్టారు... మీకు బాగా కావలసినవారట. ఆయన పేరు చెబితే కాస్త ముందుగా చూస్తారని...”

మాట మధ్యలో ఆవిడే ఆగిపోయింది.

ఫ్యాన్లాయన భార్య ఎంతో మర్యాదగా, ఒక్కో అక్షరం ఆరబెట్టిన బట్టలా విడదీసి అడిగింది. “అంటే... సిఫారసా అండీ?”

పెద్దావిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంకోసారి తుడుచుకుంది. తర్వాత మేనకోడలి వైపు తిరిగి, ల్యాబులో మాట్లాడే గొంతుతోనే అంది. “రేపు కాస్త తొందరగా రా అమ్మా. చాలా పనుంది.”

“అలాగే మేడమ్.”

“ఈయన నీకేమవుతారో నేను అడగలేదు. నువ్వూ చెప్పలేదు.”

“అవును మేడమ్.”

ఫ్యాన్లాయన రెండు చేతులూ చాచి ఆ మోటారుని భద్రంగా అందుకున్నాడు.

ఆ సాయంత్రానికే అత్తగారి గదిలో ఫ్యాను తిరిగింది, వరుసలో ముందున్నవాళ్ళు మాత్రం ఇంకా విసనకర్రలతోనే ఉన్నారు.